పన్నెండు గొంతుల పట్టా

కాపీ కొట్టడం పాపమని పునీత తీతు ఉన్నత వేదశాస్త్ర పీఠం వారికి ఆ ఏడాదే తెలిసింది. అంతకుముందు డెబ్భై ఏళ్లుగా అక్కడ ఒకరు చెప్పిందే ఇంకొకరు చెబుతూ, దానికి సంప్రదాయం అని పేరు పెట్టుకుని అందరూ సుఖంగా ఉన్నారు.

ఆ పీఠంలో రెండేళ్లు చదివితే వేదశాస్త్రంలో, అంటే క్రైస్తవ దైవశాస్త్రంలో, ఎం.ఏ. ఇస్తారు. గుడి గురువులు కాబోయే బ్రదర్లు, మఠాల సిస్టర్లు, క్యాథలిక్ బడుల్లో సత్యోపదేశమనే మతపాఠం చెప్పే టీచర్లు అక్కడ చదువుతారు. పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో, గుడి కింది ఊళ్లలో తిరిగి జనం మంచీచెడూ ఎలా చూసుకోవాలో నేర్చుకుంటారు. ఆ ఏడాది ఆఖరి తరగతిలో పన్నెండుమంది. ఆరుగురు బ్రదర్లు, ఐదుగురు సిస్టర్లు, పన్నెండో మనిషి స్వర్ణలత. ఆ మొత్తంలో పెళ్లయింది ఆమె ఒక్కతెకే. అదీ నలభై మూడు రోజుల కిందట.

ఆమె పెనిమిటి బాలశౌరికి పేట బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపు, ఆ వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా స్వర్ణ పీఠం హాస్టల్లో ఉండేది. శనివారం బస్సు దిగి ఆ ఇంట్లో అడుగుపెడితే చాలు, ఇద్దరూ కలిసి కొన్న నీలం బకెట్టును చూసినా ఆమెకు నవ్వొచ్చేది. మగ్గు కూడా నీలందే దొరికిందని తలుచుకుంటే ఇంకా నవ్వొచ్చేది.

చిక్కల్లా ఏమిటంటే స్వర్ణ చదువు కోసం సెలవు పెట్టి వచ్చిన ఉద్యోగం కర్నూలు అవతల, పది గంటల బస్సు దూరంలో ఉన్న బడిలో. ఇప్పుడు పేటలోనే మోనికమ్మ బడిలో సత్యోపదేశం టీచరు పోస్టు ఖాళీ అయింది. హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ప్రిస్కిల్లా మాట ఒక్కటే. జూన్ పన్నెండున బడి తెరిచే పొద్దుటికి ఎం.ఏ. పట్టా తెచ్చి చూపిస్తే పోస్టు స్వర్ణది. లేదంటే ఆమె కర్నూలు బస్సెక్కాలి, ఆయన జిరాక్సు మిషను పక్కన కూర్చోవాలి, కాపురం దసరా సెలవుల్లోనూ క్రిస్మసు సెలవుల్లోనూ చేసుకోవాలి.

పట్టాకి మిగిలింది ఒక్క సిద్ధాంత వ్యాసమే. స్వర్ణ నూట ఇరవై పేజీలు ముత్యాల్లా రాసింది. 'పదేళ్ల పిల్లలకు జపాలు నేర్పే పద్ధతి' అని పేరు పెట్టింది. సరిగ్గా అప్పుడే పీఠంలో వ్యాసాలు పరీక్షించే ఫాదర్ క్లెమెంట్ గారు ఏదో సదస్సుకు వెళ్లి ఒక మిషనూ, ఒక కొత్త మాటా పట్టుకొచ్చారు. ఆ మాట మౌలికత, అంటే సొంతదనం.

మిషనును ఏడో నంబరు గదిలో పెట్టి, దండ వేసి, తీర్థం చల్లి ఆశీర్వదించారు. చల్లింది కాస్త ఎక్కువై మొదటి వారం అది పనిచేయలేదు. రెండో వారం నోటీసు బోర్డు మీదికి కాగితం వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, విద్యార్థుల ఏ రచనయందైనను పూర్వ రచనలతో పోలిక నూటికి పది మించరాదు. మించినచో సదరు రచన చౌర్యముగా పరిగణింపబడును."

స్వర్ణ వ్యాసాన్ని మిషను నాలుగు నిమిషాలు నమిలి ఒక చీటీ బయటికి తోసింది. ఫాదర్ క్లెమెంట్ ఆ చీటీ చూసి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించారు. దుర్వార్త చెప్పేటప్పుడు గొంతు తగ్గించాలన్నది ఆయన బోధించే సబ్జెక్టులో మొదటి పాఠం.

"తొంభై నాలుగమ్మా. ఈ పరలోక జపం ఎక్కణ్ణించి తీసుకున్నావు?"

"మా అమ్మ దగ్గర్నించి, ఫాదర్ గారూ."

"ఆమె ఎక్కణ్ణించి తీసుకుంది?"

"మా అమ్మమ్మ దగ్గర్నించి."

ఆయన పుస్తకంలో 'వంశపారంపర్యం' అని రాసుకున్నారు. తర్వాత భర్త వృత్తి ఏమిటని అడిగారు. జిరాక్సు షాపు అని ఆమె చెప్పగానే ఆయన కలం ఆగింది. ఆమె ముఖంలోకి ఒకసారి జాలిగా చూసి, ఆ మాట కింద రెండు గీతలు గీశారు.

ఇందులో పక్షపాతం ఏమీ లేదనీ, నియమం అందరికీ ఒకటేననీ ఆయన నచ్చజెప్పారు. నాలుగు సువార్తల్ని కూడా మిషనులో పెట్టి చూశారట. మూడు ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టే తేలిందట. సంజాయిషీ నోటీసు ఏ చిరునామాకు పంపాలో తెలియక ఆ ఫైలు ఆగిందట. స్వర్ణ చేయాల్సిందల్లా అదే విషయాన్ని సొంత మాటల్లో రాసుకురావడమే.

ఆమె పది రోజులు కూర్చుని సొంత మాటల్లో రాసింది. 'దేవుడు ఒక్కడే, ఆయనలో ముగ్గురు వ్యక్తులు' అన్న వాక్యాన్ని మిషను ఎన్నిసార్లు పెట్టినా పట్టుకుంటూ ఉంటే, చివరికి 'నలుగురికి ఒకరు తక్కువ' అని మార్చింది. పది ఆజ్ఞల్ని డజనుకు రెండు తక్కువ చేసింది. ఈసారి చీటీలో ఆరు వచ్చింది. ఫాదర్ క్లెమెంట్ లేచి నిలబడి అభినందించి, ఇక ఎదుటి గదిలో ముద్ర వేయించుకోవడమే తరువాయి అన్నారు.

ఎదుటిది ఎనిమిదో నంబరు గది. అందులో బోధనా పరిశుద్ధి సంఘం ఉంటుంది. ఆ సంఘానికి అధ్యక్షులూ కార్యదర్శీ సభ్యులూ అన్నీ ఎనభై ఒక్కేళ్ల పెద్దఫాదరు ఇన్నయ్య గారే. 'విశ్వాసమునకు విరుద్ధము లేదు' అన్న ముద్ర ఆయన సొరుగులో ఉంటుంది. అది లేనిదే ఎవరికీ పట్టా రాదు.

పెద్దఫాదరు గారు రెండు కళ్లజోళ్లు మార్చి మొదటి పేజీ చదివారు.

"దేవుడి విషయంలో తక్కువేందమ్మా?"

"ముగ్గురంటే మిషను పట్టుకుంటంది, ఫాదర్ గారూ."

"నలుగురికి ఒకరు తక్కువన్నావు. ఆ రాని నాలుగో ఆయన ఎవరు?"

పెద్దఫాదరు గారికి కోపం రాలేదు, కుర్చీలో కుదురుగా కూర్చుని చెప్పుకొచ్చారు. పూర్వం ఒకాయన ఇలాగే దేవుడి లెక్కలో 'తక్కువ' అన్న మాట వాడితే, దాన్ని సరిచేయడానికి మూడు వందలమంది పీఠాధిపతులు, అంటే బిషప్పులు, గాడిదల మీదా పడవల మీదా నెలల తరబడి ప్రయాణం చేసి సభ పెట్టాల్సి వచ్చిందట. ఇప్పుడు ఈ అమ్మాయి కోసం మళ్లీ వాళ్లందర్నీ ఎక్కణ్ణించి పిలిపించేది? మొత్తం వ్యాసంలో ఆయన ముప్పై ఒక్క తప్పుబోధలు పట్టారు. ఇరవై ఏడు పాతకాలం నాటివి. "ఈ నాలుగు మాత్రం నీ సొంతమమ్మా. నా సర్వీసులో ఎక్కడా చూడలా."

ఆ నాలుగూ ఏవో కనుక్కుని ఫాదర్ క్లెమెంట్ ఎంతో సంతోషించారు. వ్యాసం మొత్తంలో మౌలికంగా ఉన్నవి అవేనట.

అప్పటికి పన్నెండుమందికీ సంగతి బోధపడింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఏడో గదిలో దొంగ. లేనిది రాస్తే ఎనిమిదో గదిలో ద్రోహి. రెండు గదుల మధ్య వరండా వెడల్పు ఆరడుగులు. పన్నెండు వ్యాసాలూ ఆ ఆరడుగులు దాటలేక అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

ఈలోగా మౌలికత వ్యాసాలు దాటి గుళ్లోకి నడిచింది. జపమాలలో ఒకే జపం యాభై మూడుసార్లు వస్తుందని ఎవరో ఫాదర్ క్లెమెంట్ దృష్టికి తెచ్చారు. ఆయన నివ్వెరపోయి, ఇకమీదట ప్రతిసారీ కొత్త మాటలతో చెప్పాలని ఆదేశించారు. మొదటి పది పూసలూ బాగానే నడిచాయి. ఇరవై దాటేసరికి బ్రదర్లు చెమటలు తుడుచుకోసాగారు. ముప్పై ఎనిమిదో పూస దగ్గర బ్రదర్ రాయప్పకు ఏమీ తోచక దేవమాతను ఆమె మంచి దస్తూరీకి కొనియాడాడు. జపమాల ముగిసేసరికి మూడున్నర గంటలు పట్టింది, సాంబారు రెండుసార్లు వెచ్చబెట్టాల్సి వచ్చింది.

సాంబారు వెచ్చబెట్టిన ఆరోగ్యమ్మ గొడవ ఇంకొకటి. బ్రదర్లకు పాపసంకీర్తనం వినడం అభ్యాసం చేయించేటప్పుడు, ఉత్తుత్తి పాపాలు చెప్పుకునే మనిషిగా వంట ఆరోగ్యమ్మను కూర్చోబెట్టడం పీఠంలో రివాజు. ముప్పై ఏళ్లుగా ఆమె అవే మూడు పాపాలు చెబుతోంది. పక్కింటి కోడి మన దొడ్లో పెట్టిన గుడ్డు తీసుకున్నాను, ప్రసంగంలో నిద్రపోయాను, తోడికోడల్ని తిట్టాను. ఆ మూడింటి మీద చేయి తిరిగి వందమంది గురువులయ్యారు. ఇప్పుడు మిషను వాటికి నూటికి నూరు వేసింది. కొత్త పాపాలు పట్టుకురమ్మని ఫాదర్ క్లెమెంట్ ఆమెకు లిఖితపూర్వకంగా తెలియజేశారు.

ఆరోగ్యమ్మ ఆ కాగితం స్వర్ణ చేత చదివించుకుని, "ఈ వయసులో కొత్తయి నేనెక్కణ్ణించి తేను తల్లీ," అంది. "ఉన్నయ్యే సరిగ్గా చేయలేకపోతన్నా."

శనివారం ఇంటికి వెళ్లిన స్వర్ణ ఇదంతా చెబుతూ మొదట నవ్వింది. తర్వాత క్యాలెండరు చూసింది. జూన్ పన్నెండుకు ఇంక ముప్పై రోజులే ఉన్నాయని గుర్తొచ్చి, నవ్వు మధ్యలోనే ఏడ్చేసింది. బాలశౌరి ఆమెకు మామిడిపండు కోసి పెడుతున్నాడు. టెంక తనకు ఉంచుకుని చెక్కలు రెండూ ఆమె పళ్లెంలో వేశాడు.

"ఎవరి మాటలు వాళ్లు చెప్పుకుంటే అది మాటలవుద్ది గానీ జపమెట్టా అవుద్ది, స్వర్ణా?"

"ఆ సంగతి మిషనుకు చెప్పండి."

"చెబుతాను గానీ, అది కూడా ఎవరో చెప్పిందే అంటదేమో," అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

చివరికి పీఠానికి పెద్ద అయిన రెక్టరు గారు కలుగజేసుకున్నారు. బిషప్పు అయిన పీఠాధిపతుల వారు మే ఇరవై ఎనిమిదిన పట్టాలు ఇవ్వడానికి వస్తున్నారు. కార్డులు అచ్చయిపోయాయి, పందిరికి చెప్పేశారు. పట్టాలు లేవంటే పందిరి ఎందుకని పీఠాధిపతులు అడగవచ్చు. కాబట్టి వ్యాసాలన్నీ పక్కన పెట్టి, దానికి బదులు ఒక్కొక్కరూ సభలో, ప్రతి ఆదివారం గుళ్లో చెప్పే విశ్వాస ప్రమాణం చెబితే చాలన్నారు. క్యాథలిక్ బడిలో వేదశాస్త్రం బోధించబోయేవారు ఎలాగూ ఆ ప్రమాణం నోటితో చెప్పాలి. ఒక్క అక్షరం మారకూడదని పెద్దఫాదరు గారు షరతు పెట్టారు. మిషనుకు మైకు తగిలించి వినిపించాలని ఫాదర్ క్లెమెంట్ షరతు పెట్టారు. రెక్టరు గారు రెండింటికీ ఒప్పుకున్నారు. నెగ్గింది తానేనని రెండు గదులవారూ అనుకుని, ఆ రోజు భోజనానికి పక్కపక్కనే కూర్చున్నారు.

న్యాయంగా ఉండటం కోసం ఫాదర్ క్లెమెంట్ మిషను జ్ఞాపకాన్ని పూర్తిగా తుడిచేశారు. ప్రపంచం పుట్టినప్పటినుంచి ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదని దాని లెక్క. అప్పుడు రిహార్సలు పెట్టారు. ముందుగా బ్రదర్ రాయప్ప వెళ్లి గడగడా చెప్పాడు. పోలిక సున్నా. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత సిస్టర్ బెర్నదెత్ వెళ్లి అదే చెప్పింది. నూటికి నూరు. చీటీ అడుగున 'మూలము: రాయప్ప' అని ఉంది.

పెద్దఫాదరు గారు చీటీని వెలుతురులో పెట్టి చూశారు. "రెండు వేల ఏళ్ల విశ్వాసానికి మూలపురుషుడు వీడా?" అన్నారు. "మొన్న గారెలు చాల్లేదని అలిగింది వీడే కదూ."

సాయంత్రానికి రాయప్ప నడక మారింది. మొదటి ఏడాది బ్రదర్లు తన ప్రమాణాన్ని వాడుకోవడానికి అభ్యంతరం లేదనీ, చివర్లో తన పేరు ఒకసారి తలిస్తే చాలనీ చెప్పాడు.

సభ రోజున మిషనును మళ్లీ తుడుస్తారు. అప్పుడు ముందుగా చెప్పినవారు మౌలికులు, తక్కిన పదకొండుమంది దొంగలు. పిలుపు అకారాది క్రమంలో ఉంటుందని నోటీసు పడగానే పీఠంలో అలజడి రేగింది. ఇద్దరు సిస్టర్లకు తమ జ్ఞానస్నానం పేర్లు 'అ'తో మొదలవుతాయని హఠాత్తుగా గుర్తొచ్చింది. సర్టిఫికెట్లకు ఊళ్లకు కబురు పెట్టారు. స్వర్ణలతకు ఏ దారీ లేదు. ఆమె పేరు తర్వాత 'హ' ఒక్కటే ఉంది, 'హ'తో ఎవరూ లేరు.

ఆమె వంటశాల గడప మీద కూర్చుని ఆరోగ్యమ్మకు చింతచిగురు గిల్లి ఇస్తూ కర్నూలు అవతలి బడిలో తన తరగతిని తలుచుకుంది. ముప్పైమంది పిల్లలు లేచి నిలబడి ఒక్కసారిగా జపం చెబితే, వచ్చినవాడి గొంతులో రానివాడు కలిసిపోతాడు. ఎవడు ఎవడి దగ్గర అందుకున్నాడో చెప్పగలిగిన టీచరు ఇంతవరకు పుట్టలేదు. మిషను మటుకు పుట్టి ఎన్నాళ్లయిందని?

ఆమె మిగతా పదకొండుమందినీ పిలిచి, ఒకే ఊపిరిలో మొదలుపెట్టి ఒకే ఊపిరిలో ముగిద్దామని చెప్పింది. పదిమంది సరేనన్నారు. రాయప్ప మాత్రం మరి తన సంగతేమిటని అడిగాడు. మూలపురుషులకు అంత పిసినారితనం తగదని సిస్టర్ బెర్నదెత్ మెత్తగా చెప్పింది. అతను కాసేపు ఆలోచించి, శిష్యులు దొరికినట్టే గదా అనుకుని ఒప్పుకున్నాడు. మూడు రోజులు వంటశాలలో తలుపులు వేసుకుని సాధన చేశారు. ఆరోగ్యమ్మ గరిటెతో గుండిగ అంచు మీద తాళం వేసింది. ఒక్క పొల్లు ముందూ వెనకా కాకుండా అయిందాకా వదల్లేదు.

ఇరవై ఎనిమిదిన పందిరి నిండింది. పీఠాధిపతులు మధ్య కుర్చీలో, మిషను వారి కుడిపక్క చిన్న బల్ల మీద ఆసీనులయ్యారు. ఫాదర్ క్లెమెంట్ మొదటి పేరు పిలిచారు. పన్నెండుమందీ లేచారు. ఒక్కసారి ఊపిరి పీల్చి మొదలుపెట్టారు.

అది వినసొంపుగా ఉంది. అంతకంటే ముఖ్యంగా, అందరికీ చిన్నప్పటినుంచీ నోటికి వచ్చింది. మూడో వాక్యానికి పందిట్లో పెదవులు కదలసాగాయి. ఫాదర్ క్లెమెంట్ కంగారుగా వేదిక చివరికి వచ్చి నోటి మీద వేలు పెట్టుకుని జనాన్ని ఆపారు. ఆపకపోతే ఆ పూట నాలుగు వందలమందికి ఎం.ఏ. ఇవ్వాల్సి వచ్చేది.

మిషను చీటీ ఇచ్చింది. మాట్లాడినవారు: ఒకరు. పోలిక: సున్నా.

ఫాదర్ క్లెమెంట్ దాన్ని మూడుసార్లు చదివారు. పన్నెండుమంది ఆయన కళ్లెదుటే నిలబడి ఉన్నారు. అయినా మిషను తప్పు చెప్పదని నోటీసు బోర్డు మీద సంతకం పెట్టింది ఆయనే.

"మాట్లాడినది ఒకరే అయినందున పట్టా కూడా ఒకటే ఇవ్వడం సమంజసం," అని ప్రకటించారు.

"మేం మొదట్నించీ చెబుతున్నది అదే గదయ్యా," అన్నారు పెద్దఫాదరు గారు. "ఎన్ని నోళ్లు చెప్పినా చెప్పేది విశ్వాసులందరి ఒక్క శ్రీసభే." ఏడో గదికీ ఎనిమిదో గదికీ అభిప్రాయం కలవడం అదే మొదలు. ఇద్దరూ చేతులు పట్టుకుంటే ఫోటో తీశారు.

అలా పీఠం చరిత్రలో మొదటిసారి ఒకే పట్టా మీద పన్నెండు పేర్లు ఎక్కాయి. చీమల బారులాంటి అక్షరాలతో తండ్రిపేర్లు కూడా పన్నెండూ ఇరికించారు. పట్టాదారు చిరునామాకు మాత్రం ఒక్క గీతే చోటు మిగిలింది. సిస్టర్లది మఠం, బ్రదర్లది పీఠం, విడిగా ఇంటి నంబరున్నది స్వర్ణలత ఒక్కతెకే. అదే రాశారు.

జూన్ పన్నెండున స్వర్ణ కొత్త చీర కట్టుకుని ఆ పట్టా తీసుకుని మోనికమ్మ బడికి వెళ్లింది. సిస్టర్ ప్రిస్కిల్లా పట్టాను వేలితో వరసగా చదువుకుంటూ కిందికి వచ్చారు.

"పట్టాదారులో పన్నెండో వంతును చేర్చుకునే అధికారం నాకు లేదమ్మా," అన్నారు. "మిగతా పదకొండు వంతులూ ఏవి?"

స్పష్టత కోరుతూ ఆమె పీఠానికి రాశారు. పీఠం వెంటనే స్పష్టత ఇచ్చింది. "సదరు పట్టా అవిభాజ్యము. అందుచే పట్టాదారు సైతము అవిభాజ్యులు. ప్రథమముగా నియామకము లభించిన చోట పట్టాదారు సంపూర్ణముగా హాజరై, పట్టాలో పేర్కొనబడిన చిరునామాయందు సంపూర్ణముగా నివసించవలెను."

ఆ జవాబు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం బాలశౌరి తలుపు తీసేసరికి ముందు స్వర్ణ, ఆమె వెనక ట్రంకు పెట్టెలతో ఆరుగురు బ్రదర్లు, ఐదుగురు సిస్టర్లు సందు మలుపు దాకా నిలబడి ఉన్నారు. అతను అందర్నీ చూశాడు. తర్వాత స్వర్ణను చూశాడు.

"పోస్టు వచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చిందండీ."

"కర్నూలు వెళ్లక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"అయితే రమ్మను," అన్నాడు, "ఎండలో ఎందుకు వాళ్లు."

లోపలి గది సిస్టర్లకూ స్వర్ణకూ, ముందు గది బ్రదర్లకూ బాలశౌరికీ ఇచ్చేసుకున్నారు. బడిలో ఐదో తరగతికి పన్నెండుమంది టీచర్లు ఒక్క గొంతుతో పాఠం చెబుతున్నారు. పిల్లలు బెంచీలు వాళ్లకిచ్చి కింద కూర్చుంటున్నారు.

ఒకే కప్పు కిందే ఉన్నా మొగుడూ పెళ్లాం ఇద్దరే మాట్లాడుకునే వీలు తెల్లవారుజామున తప్ప దొరకడం లేదు. అందరూ లేవకముందే పెరటి మెట్ల మీద ఒక గ్లాసు కాఫీ పెట్టుకుని, చెరో గుక్కా తాగుతారు. ఖాళీ గ్లాసు ఇంట్లో అదొక్కటే మిగులుతోంది. అదీ బాగానే ఉందని స్వర్ణ అనుకుంది. విడివిడి గ్లాసులుంటే ఇంత దగ్గరగా కూర్చోవాల్సిన పని ఉండదు.

ఒక పొద్దున గ్లాసు సగంలో ఉండగానే లోపల ఉదయ జపం మొదలైంది. పన్నెండో గొంతు లేకపోతే పట్టాదారు చెప్పినట్టు కాదు. స్వర్ణ లేవబోయింది. బాలశౌరి ఆమె చెయ్యి వదల్లేదు. అందుకని ఆమె ఆ మెట్టు మీదే అతని భుజానికి ఆనుకుని, సరిగ్గా ఊపిరి అందుకుని గొంతు కలిపింది. ఒక్కతెనే చెప్పనివ్వడం బాగుండదని అతను కూడా కలిపాడు.

లోపల బ్రదర్ రాయప్ప చెవులు రిక్కించి లెక్కపెట్టాడు. పదమూడు వచ్చాయి. ఈ పదమూడో వారికి కూడా పట్టాలో చోటు ఇవ్వవలసి ఉంటుందా అని వివరణ కోరుతూ అతను ఆ రోజే పీఠానికి రాశాడు. ఆ ఉత్తరం ఏడో గదికీ ఎనిమిదో గదికీ మధ్య వరండాలో ఉందని తెలిసింది. జవాబు వచ్చేదాకా యథాస్థితిని కొనసాగించడం మంచిదని బాలశౌరి అభిప్రాయపడ్డాడు. స్వర్ణ కూడా, ఒక్క అక్షరం మార్చకుండా, అదే అభిప్రాయం వెలిబుచ్చింది.